మంచం ముందు, మొక్కు తర్వాత

మా రోజుల్లో దూరం నడవాలనుకున్నవాడు ముందు తన కాళ్లు చూసుకునేవాడు. ఇప్పటివాళ్లు ముందు మంచం చూసుకుంటున్నారు. మే నెలలో బయల్దేరాలంటే సంక్రాంతి నాటికే ఏ రాత్రి ఏ ఊళ్లో, ఏ గదిలో, కింది మంచమా పై మంచమా అన్నది తేలిపోవాలట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బూట్లింకా కొననే లేదు, నెలాఖరు రాత్రి పడక మాత్రం ఖాయమైపోయింది!

నేను మాట్లాడేది ఫ్రాన్సులో లె పుయ్ అనే కొండ ఊరి నుంచి పిరెనీ పర్వతాల దాకా పోయే యాత్రదారి గురించి. దారి అక్కడితో ఆగదు. కొండ దాటి స్పెయిన్‌లో పడమటికి నడుచుకుంటూ పోతే సాంతియాగో గుడి వస్తుంది. అపొస్తలుడు యాకోబు సమాధి అందులో ఉందని వెయ్యేళ్ల పైబడిన నమ్మకం. ఫ్రాన్సులో నడక సుమారు 750 కిలోమీటర్లు, సాంతియాగో దాకా అయితే 1,500 పైమాటే. నేను యానాంలో పుట్టినవాణ్ణి. మా ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండబట్టి మా నాన్న వాళ్ల కొలువులో చేరాడు, ఆ కాగితాల మీద మేమంతా ఇక్కడికొచ్చాం, నేను తులూజ్‌లో ముసలివాణ్ణయ్యాను. ఎనభైల మొదట్లో ఆ దారి తొక్కాను. తర్వాత కూడా సెలవు దొరికినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా తొక్కుతూనే వచ్చాను. కాబట్టి సణగడానికి నాకు హక్కుంది.

ఈసారి సణుగుడికి కారణం మా అక్క మనవడు. రాజమండ్రిలో ఉంటాడు, కంప్యూటర్ ఉద్యోగం. నడుస్తానన్నాడు, సంతోషించాను. మర్నాడు ఫోన్లో ఒక పట్టిక పంపించాడు. తేదీ, ఊరు, కిలోమీటర్లు, ఎక్కుడు ఎన్ని మీటర్లు, దిగుడు ఎన్ని మీటర్లు, పడక ధర, దానికి జనం ఇచ్చిన నక్షత్రాలు, వైఫై ఉందా లేదా.

"దేవుడి గడి ఏదిరా?" అన్నాను.

"అది అన్ని రోజులకీ కామనే కదా తాతయ్యా" అన్నాడు.

మా ప్లాను చెప్తాను, నవ్వుకోండి. ఒక సన్నపాటి దారి పుస్తకం. ఒకటో రెండో సర్కారు వారి మ్యాపులు, మడత పెట్టీ పెట్టీ మడతల దగ్గర చిరిగిపోయినవి. జేబులో చాకు, రొట్టె, వానకి కప్పుకునే పట్టా. అంతే. దారికి గుర్తులు ఉండేవి లెండి. 1970లలో నడక సంఘాల వాళ్లు రంగు డబ్బా, కుంచె పట్టుకుని చెట్ల మీద, రాళ్ల మీద, కరెంటు స్తంభాల మీద ఒక తెల్ల గీత, దాని కింద ఎర్ర గీత వేసుకుంటూ పోయారు. రెండు గీతలూ ఒకదాన్నొకటి కొట్టేసినట్టుంటే అటు పోవద్దని అర్థం. జీఆర్ 65 అని దానికి పేరు. పైసా తీసుకోకుండా పనిచేసిన ఆ మనుషుల పుణ్యాన ఇవాళ్టికీ నడుస్తున్నారు జనం. కాకపోతే ఇప్పుడు చెట్టు మీది గీత కేసి చూడరు, చేతిలోని తెర మీద కదిలే నీలం చుక్క కేసి చూస్తారు. ఎదురుగా గీత ఉందిరా బాబూ అని చెప్తే, చుక్క ఇంకా తిరగలేదండీ అంటారు.

సాయంత్రం నాలుగైదింటికి ఏదో ఒక ఊరు చేరేవాళ్లం. ఏ ఊరన్నది కాళ్లు నిర్ణయించేవి. నేరుగా కాఫీ కొట్టుకి వెళ్లడమే. ఆ కొట్టు నడిపే ఆవిడ ఊరికి సగం మేయరు. రాత్రికి పడుకోవడానికి చోటుందా అమ్మా అని అడిగితే ముందు మన బూట్లు చూసేది, తర్వాత మొహం చూసేది. చర్చి ఫాదరుగారింట్లో ఒక గది ఉందనో, సెలవుల్లో బడి ఖాళీగా ఉందనో, ఫలానా రైతు కొట్టంలో గడ్డి పొడిగా ఉందనో చెప్పేది. ఏదీ లేకపోతే తానే పై ఊరికి ఫోన్ చేసేది. నా మొహం చూస్తే ఇక్కడివాణ్ణి కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఎక్కణ్ణుంచి అని అడిగేవారు, యానాం అంటే ఎక్కడా అనేవారు, అప్పుడు టేబుల్ మీద చేత్తో గోదావరి గీసి చూపించాల్సి వచ్చేది. ఈలోగా సూపు వచ్చేది. చోటు దొరకని రాత్రులు లేకపోలేదు, చర్చి వసారాలో నడుం వాల్చిన సందర్భాలూ ఉన్నాయి. అయినా అడగడంలోనే యాత్ర ఉండేది. పదిమంది గుమ్మాల ముందు నిలబడి చోటిమ్మని అడిగితే మనిషికి కొంచెం తల దిగుతుంది. ఇప్పుడు ఆ అడగడమే లేదు. నిర్ధారణ సంఖ్య చూపిస్తారు, తాళం చెవి తీసుకుంటారు.

శివరాత్రికి నల్లమల అడవిలో శ్రీశైలం నడిచేవాళ్లు ఏ పడక బుక్ చేసుకుని బయల్దేరుతున్నారయ్యా అని మావాణ్ణడిగాను. "అక్కడ వీసా అక్కర్లేదు కదా తాతయ్యా" అన్నాడు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు ఏర్పాటంటే నాకు మొత్తానికే గిట్టదని కాదు. లె పుయ్ బిషప్పు గోడెస్కాల్క్ 950లో సాంతియాగోకి బయల్దేరాడు. ఫ్రాన్సు నుంచి ఆ యాత్ర చేసినట్టు పేరుతో సహా మనకి తెలిసిన తొలి మనుషుల్లో ఆయనొకడు. పెద్ద పరివారంతోనే వెళ్లాడు, బిషప్పు కదా. దారిలో స్పెయిన్‌లోని అల్బెల్డా మఠంలో ఆగి, మరియమాత గురించిన ఒక గ్రంథానికి నకలు రాయించుకున్నాడు. 951 జనవరిలో ఆ పుస్తకం ఫ్రాన్సుకి వచ్చేసింది. రాసిచ్చిన సన్యాసి ఈ సంగతంతా ముందుమాటలో పెట్టబట్టి మనకి తెలిసింది. ముందస్తు ఆర్డరు అంటే అదీ. తిరిగొచ్చాక బిషప్పుగారు ఊరి పక్కనే సూదిలా నిలబడ్డ అగ్నిపర్వతపు రాయి కొసన సేఁ మిషెల్ గుడి కట్టించాడు. 268 మెట్లెక్కాలి. నడక మొదలెట్టకముందే మోకాళ్లకి పరీక్ష కావాలంటే అదెక్కి దిగండి, ఏ యాపూ అక్కర్లేదు.

సణుగుడు కూడా కొత్తదేం కాదు. 12వ శతాబ్దంలో ఈ యాత్రకి ఒక మార్గదర్శిని రాశారు. కోడెక్స్ కలిక్స్తినుస్ అనే పెద్ద గ్రంథంలో అయిదో భాగం అది. ఎమెరీ పికో అనే ఫాదరు రాశాడంటారు. ఫ్రాన్సు నుంచి పోయే నాలుగు దారులూ అందులో ఉన్నాయి, లె పుయ్ దారి వాటిలో ఒకటి. కానీ ఆయన అసలు ఆనందమంతా తిట్లలోనే. బోర్డో అవతలి లాండ్ ఇసుక నేలల్లో మోకాళ్ల దాకా దిగబడతారు, ఈగలు మొహాన్ని వదలవు, జాగ్రత్త అంటాడు. సోర్డ్ దగ్గర రేవులో పడవవాళ్లు ఒకే మాను తొలిచిన దోనెలోకి జనాన్ని కుక్కి, అది బోల్తా పడితే మునిగినవాళ్ల సామాను దోచుకుంటారంటాడు. బాస్కు సీమలో సుంకం వసూలు చేసేవాళ్లు కర్రలు పట్టుకుని ఎదురొస్తారంటాడు. గాస్కనీ వాళ్లు వాగుడుకాయలు, తాగుబోతులు, అయినా బీదవాడికి అన్నం పెడతారంటాడు. ఆ మనిషి ఇవాళ ఉంటే ఒక్కో ఊరికి ఒక్కో నక్షత్రం కూడా ఇచ్చేవాడు కాదు. నాకు ఆయనంటే గౌరవం.

ఇక జనం సంగతి. నడిచొచ్చిన యాత్రికులకి సాంతియాగోలో ఒక పట్టా ఇస్తారు. 1986లో అలా తీసుకున్నవాళ్లు రెండు వేలు కూడా లేరు. 2024లో దాదాపు 5 లక్షల మంది. పట్టా కావాలంటే చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు కాబట్టి వాళ్లలో చాలామంది స్పెయిన్‌లో ఆ ముక్కే నడుస్తారు, అది వేరే మాట. ఫ్రాన్సు వైపు కూడా పెరిగారు. 1987లో యూరప్ కౌన్సిల్ ఈ దారుల్ని తన మొదటి సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. 1998లో యునెస్కో ఫ్రాన్సులోని గుళ్లనీ వంతెనలనీ ఆసుపత్రులనీ జాబితాలో చేర్చింది. వాటితోపాటు ఏడు దారి ముక్కల్ని కూడా చేర్చింది, ఏడూ లె పుయ్ దారివే. నాస్బినాల్ నుంచి సేఁ షెలీ దాకా ఓబ్రాక్ పీఠభూమి మీద పోయే ముక్క వాటిలో ఒకటి. అది చూసి గర్వపడ్డాను. బోర్డు వెనకే బస్సు కూడా వస్తుందని అప్పుడే అనిపించింది, వచ్చింది.

ఇరుకు ఎక్కడొస్తుందో చెప్తాను, ప్లాను వేసేవాళ్లకి పనికొస్తుంది. లె పుయ్ గుడిలో పొద్దున్న ఏడింటికి పూజ, అయ్యాక యాత్రికులకి దీవెన. గుడి మధ్యలో నేల తెరుచుకుని అందులోంచి మెట్లు కిందికి దిగుతాయి. దీవెన తీసుకున్నవాళ్లంతా ఆ మెట్ల మీంచి ఒక్కసారే వీధిలో పడతారు. అందరి చేతిలోనూ అదే పుస్తకం, అందులో అవే మజిలీలు. ఈ రాత్రి సేఁ ప్రివా, రేపు సోగ్, ఆ తర్వాత ఓబ్రాక్ వైపు. మధ్య ఊళ్లలో ఖాళీ పడకలు ఈగలు తోలుకుంటుంటాయి, మజిలీ ఊళ్లలో తన్నుకు చస్తుంటారు. పైగా వారం పది రోజుల సెలవున్నవాడు లె పుయ్ నుంచి కోంక్ దాకా 200 కిలోమీటర్లు నడిచి బస్సెక్కేస్తాడు. కోంక్ దాటితే పలచబడతారు. ఫిజాక్, కావోర్, మ్వాసాక్ దాటి గెర్ పొద్దుతిరుగుడు చేలల్లోకి దిగితే, ఎదురొచ్చిన మనిషికి బోఁజూర్ చెప్పడానికి ఎదురుచూడాలి. కాబట్టి భయమంతా మొదటి 200 కిలోమీటర్లకే. అది కూడా మే నెలలో ఎక్కువ. ఫ్రాన్సులో 1వ తేదీ సెలవు, 8వ తేదీ సెలవు, క్రీస్తు ఆరోహణ పండగ గురువారం చాలా ఏళ్లు ఆ నెలలోనే. గురువారం సెలవొస్తే శుక్రవారం పని చేసే ఫ్రెంచివాణ్ణి నేను చూడలేదు.

ఆ భయంతోనే ఒక్కొక్కడు రెండు చోట్ల పడకలు బుక్ చేసి, ఒకచోటికి చెప్పకుండా ఎగ్గొడతాడు. జీత్ నడిపే పాపానికి ఆవిడ పన్నెండు మందికి వండుకుని తొమ్మిదిమందికి వడ్డిస్తుంది. (జీత్ అంటే నడిచేవాళ్ల సత్రం.) దాంతో ఇప్పుడు బయానా అడుగుతున్నారు. నేనైతే తప్పు పట్టను. ఓబ్రాక్‌లో అలిగో అనే వంటకం చేస్తారు. ఉడికించిన బంగాళాదుంపల్లో పచ్చి జున్ను, వెల్లుల్లి వేసి బారెడు తీగ సాగేదాకా కలపాలి. చేతులు పడిపోతాయి. ఎంతమంది వస్తారో తెలియకుండా ఆ పని ఎవరు చేస్తారు?

సంచి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మా సంచి మా వీపు మీదే ఉండేది. ఇప్పుడు పొద్దున్నే గుమ్మం దగ్గర చీటీ కట్టి వదిలేస్తే వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. యాత్రికుడు చెమటలు కక్కుతూ చేరేసరికి సంచి దర్జాగా ముందే దిగి ఉంటుంది. మొక్కు ఎవరిదో, నడక ఎవరిదో! జబ్బు మనుషులకీ ముసలివాళ్లకీ వ్యాను ఉండాలి, కాదనను. నా మోకాళ్ల సంగతి మాత్రం ఇక్కడ అడక్కండి. సంచి చేరాక ఇంకో తంతు. నల్లుల భయంతో చాలా జీత్‌లలో సంచిని గదిలోకి రానివ్వరు, కింద అరలోనే ఉంచాలి. గడ్డివాముల్లో పడుకున్న రోజుల్లో మమ్మల్ని ఎలుకలు పలకరించాయి గానీ నల్లులు కాదు.

సోగ్ చుట్టుపక్కల 1764 నుంచి 1767 దాకా ఒక మృగం మనుషుల్ని చంపుకు తిన్నది. జెవోదాఁ మృగం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అడవుల్లో నడిచే ఇప్పటి మనిషికి దాని భయం లేదు, బ్యాటరీ అయిపోతుందన్న భయమే. రాత్రి జీత్‌లో కిటికీ పక్క మంచానికి పోటీ లేదు, ప్లగ్గు పక్క మంచానికుంది. ఓబ్రాక్‌లో 12వ శతాబ్దంలో అడలార్ అనే దొర కట్టించిన ఆసుపత్రి ఉండేది. మంచు కమ్మినప్పుడు దారి తప్పినవాళ్ల కోసం సన్యాసులు అక్కడ గంట కొట్టేవారు. ఇప్పుడు దారి తప్పడమే నామోషీ.

తిండి. మా రోజుల్లో పెట్టింది తినేవాళ్లం. ఇప్పుడు ముందే ఫారం నింపాలి. గోధుమ పడదు, పాలు పడవు, ఉల్లి పడదు. మావాడు శాకాహారినని రాశాడు. లె పుయ్‌లో ఆకుపచ్చ పప్పుంటుందిరా, 1996 నుంచి దానికి సర్కారు వారి పేటెంటు లాంటి ముద్ర కూడా ఉంది, నీకేం దిగుల్లేదు అని చెప్పాను. అందులో సాసేజి వేస్తారట కదా అన్నాడు. సాసేజి తీసేస్తే పప్పే కదరా! ఓబ్రాక్‌లో అలిగోతో బతికేస్తాడు. గెర్ దాకా నడిస్తే మాత్రం దేవుడే దిక్కు, అక్కడ బాతు లేనిదే ముద్ద దిగదు వాళ్లకి.

ఇదంతా కుర్రవాళ్ల మీద నా కోపం. దాని కింద ఇంకో సంగతుంది, అది వాళ్ల తప్పు కాదు. అడగండిరా అని నేను చెప్తున్నాను గానీ, అడగడానికి ఆ ఊళ్లలో మనుషులేరీ? నేను సూపు తాగిన కాఫీ కొట్లలో చాలావాటికి తలుపులు మూసేసి ఉన్నాయి. ఫాదరుగారింట్లో గది అడుగుదామంటే ఫాదరుగారే లేరు, ఒక్కాయనే చుట్టుపక్కల ఇరవై ముప్పై చర్చిలకి తిరుగుతుంటారు. బడికి పిల్లలు లేరు. రొట్టెల దుకాణం ఉండాల్సిన చోట రొట్టెల మిషను ఉంటుంది, నాణెం వేస్తే గొట్టంలోంచి రొట్టె పడుతుంది. ఫోన్ బూత్‌లు పీకేశారు. రైలు వేళలు చూసుకునే మా మినిటెల్ పెట్టెని 2012లో ఆపేశారు. ఇళ్లేమో ముచ్చటగానే ఉంటాయి, రాతి గోడలు, నీలం కిటికీ తలుపులు, వేసవిలో నాలుగు వారాలు వచ్చిపోయే యజమానులు. దప్పికైతే శ్మశానానికి వెళ్లాలి. వెటకారం కాదండోయ్, ఫ్రాన్సు పల్లెలో శ్మశానం గేటు పక్కన పూలకి నీళ్లు పట్టుకునే కుళాయి ఉంటుంది. ఈ దారి నడిచే వాళ్లందరికీ తెలిసిన కిటుకు అది. ఊళ్లో అందరికంటే నమ్మకంగా దొరికేది ఇప్పుడు ఆ కుళాయే.

ఇలాంటి చోట మిగిలిన ఒక్క కిరాణా కొట్టు, ఒక్క జీత్ నడుస్తున్నాయంటే ఈ పట్టికలు వేసుకొచ్చే జనం వల్లే నడుస్తున్నాయి. ఆ వ్యాను తోలేవాడు కూడా ఆ ఊరివాడే. ఇది నాకు తెలియక కాదు. ఇచ్చినంత ఇచ్చి వెళ్లమనే సత్రాలూ, యాత్రికుణ్ణి ఇంట్లోనే భోజనానికి కూర్చోబెట్టే కుటుంబాలూ అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. ఆడపిల్లలు ఒంటరిగా నడవడం మామూలైపోయింది, ఇది మా రోజుల కంటే ఎంతో మేలు. ఒప్పుకుంటున్నాను, ఒక్క లైనులో.

ఇక వీసా. ఇండియా నుంచి వచ్చేవాడు షెంగెన్ వీసాకి పెట్టుకుంటే ఎక్కడ పడుకుంటావో రుజువు చూపించమంటారు. కాళ్లు ఎక్కడ ఆగితే అక్కడండీ అని రాస్తే కాగితం తిరిగొస్తుంది. ఇచ్చేది కూడా 180 రోజుల్లో 90 రోజులకి మించదు. లె పుయ్ నుంచి సాంతియాగోకి రెండు నెలల పైన పడుతుంది కాబట్టి సరిపోతుందనుకోండి, సెలవిచ్చేదెవరు? నేను జేబులో ఫ్రెంచి కార్డు పెట్టుకుని చర్చి వసారాల్లో పడుకున్నవాణ్ణి. మావాడికి ఆ సౌకర్యం లేదు. చివరికి ఇద్దరం కూర్చుని పట్టిక కోసేశాం. ముందు కొన్నాళ్లు మా ఇంట్లో ఉంటాడు. దానికి ఇంటివాడు మేయరు ఆఫీసులో ఆహ్వాన పత్రం తీసుకోవాలి. 30 యూరోల స్టాంపు, కరెంటు బిల్లు, నా ఇల్లు ఎన్ని చదరపు మీటర్లో ఆ వివరం. యాత్రికుడికి ఆశ్రయం ఇచ్చేవాడు కూడా ఇప్పుడు ఫారం నింపాలన్నమాట. తర్వాత లె పుయ్ నుంచి కోంక్ దాకా నడక, ఆ రాత్రులన్నిటికీ పడకలు ముందే. మిగతా దారి ఇంకో ఏడు.

సెప్టెంబరులో రారా, ఎండ తగ్గుతుంది, అత్తిపళ్లు పండుతాయి, మ్వాసాక్ వైపు ద్రాక్ష కోతలు అన్నాను. ఆఫీసులో మే రెండో వారం నుంచే సెలవిచ్చారట. పట్టికలో అన్ని గడులూ ఆకుపచ్చగా నిండాయి, సోగ్ రాత్రి ఒక్కటే ఎర్రగా ఉంది. ఆ ఊళ్లో ఒక్క పడకా ఖాళీ లేదు. "ఇప్పుడేం చేద్దాం తాతయ్యా?" అన్నాడు. సోగ్ మేయరు ఆఫీసు నంబరు వెతికి పట్టుకున్నాను. సోమవారం తెరుస్తారో లేదో, తెరిచినా పన్నెండింటికి భోజనానికి పోతారు. పదింటికి చేస్తాను. ఆవిడ ఎవరో గానీ ఫోనెత్తితే, కొట్టంలో గడ్డి పొడిగా ఉందా అని అడుగుతాను.